ముందు చూసింది ఆమె రక్తాన్నే

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. నాకు 29 ఏళ్లు. ఏటా ఆగస్టులో గుజరాత్‌లో వేరావల్ వెళ్లి చేపల బోటెక్కుతాను, వేసవి చివర్లో ఊరికొస్తాను. పెళ్లయి రెండున్నరేళ్లు. నా భార్యకు ఇప్పుడు ఐదో నెల. పోయినేడు మొదటి కాన్పు ఆరో నెల దాటాక కడుపులోనే పోయింది. దిష్టి అన్నారు, మొక్కులు చెల్లించాం. అప్పుడు ప్రైవేటులో చూపించాం. ఈసారి పీహెచ్‌సీలో చూపించుకుంటోంది. అక్కడ రక్తం తీసి హెచ్‌ఐవీ లేదన్నారు గానీ సిఫిలిస్ ఉందన్నారు. కాగితం మీద ఆర్పీఆర్ రియాక్టివ్ 1:16 అని ఉందట. మీ ఆయన్ని కూడా తీసుకు రమ్మన్నారట. మా ఇద్దరికీ పుండు లేదు, మంట లేదు. వేరావల్ పోయేవాళ్ల ఆడోళ్లకే ఈ పరీక్ష చేస్తున్నారా? కోపంలో ఫోన్‌లో 'నువ్వేటి చేశావు' అని అడిగేశాను. అప్పట్నుంచి ఫోన్ ఎత్తడం లేదు. నిజం చెప్పాలంటే పెళ్లికి ఐదారు నెలల ముందు నేనే ఒకసారి ఒక చోటుకి వెళ్లాను. తర్వాత చిన్న పుండు లేచింది. నొప్పి లేదు. మా ఊరి ఆర్‌ఎంపీ ఆయింట్‌మెంటు, నాలుగు మాత్రలు ఇస్తే మానిపోయింది. ఇదీ అదీ ఒకటేనా? సీజన్ మధ్యలో వదిలేసి వస్తే సేటు దగ్గర తీసుకున్న అడ్వాన్సు మీద పడుతుంది. రావాలా? మా అమ్మకి ఏం చెప్పాలి?
పేరు వెయ్యొద్దు.

జవాబు: బాబూ, మీ ఉత్తరంలో ఉండాల్సిన ఒక్క మాట లేదు. ఆమెకు పెన్సిలిన్ ఇంజెక్షన్ పడిందా, లేదా? ఊరి సంగతి రాశారు, సేటు సంగతి రాశారు, అమ్మ సంగతి రాశారు. ఇది రాయలేదు. అందుకని మీరు అడిగినవన్నీ పక్కన పెట్టి దీంతోనే మొదలెడతాను.

గర్భిణికి సిఫిలిస్ ఉంటే, బిడ్డను కాపాడే మందు ఒక్కటే: బెంజథీన్ పెన్సిలిన్. వేరే మాత్రలు తల్లి ఒంట్లో రోగాన్ని తగ్గించినా, మాయ దాటి బిడ్డ దాకా నమ్మకంగా పనిచేస్తాయని చెప్పలేం. డోసు 24 లక్షల యూనిట్లు. మందు చిక్కగా ఉంటుంది కాబట్టి సగం ఒక పిరుదుకి, సగం రెండో పిరుదుకి వేస్తారు. నొప్పి గట్టిగానే ఉంటుంది, దాచను. రోగం ఎప్పుడు అంటుకుందో తెలియనప్పుడు, మీ విషయంలో అదే, వారానికి ఒకటి చొప్పున మూడు వారాలు వెయ్యాలి. మధ్యలో వారం తప్పిస్తే గర్భిణుల విషయంలో మళ్లీ మొదటి డోసు నుంచి మొదలెట్టాల్సి రావచ్చు. పండగొచ్చిందనీ, పుట్టింటికి వెళ్లిందనీ, నర్సు సెలవులో ఉందనీ మూడోది వదిలేసిన వాళ్లను నేను చాలామందిని చూశాను. మొదటి ఇంజెక్షన్ పడిన రోజు జ్వరం, వణుకు, ఒళ్లు నొప్పులు రావచ్చు. సూక్ష్మక్రిములు ఒక్కసారిగా చచ్చేటప్పుడు ఒళ్లు అలా ఎదురు తిరుగుతుంది. అది ఒక్క రోజులో సర్దుకుంటుంది. కానీ ఐదో నెల గర్భిణికి ఆ జ్వరంతో పాటు కడుపులో బిగుతు, నొప్పులు వస్తే మాత్రం ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పికి మందుల షాపులో ఏది పడితే అది కొని మింగకూడదు. ఉద్దానం పక్క మనుషులం, నొప్పి బిళ్లలు కిడ్నీలకు ఏం చేస్తాయో మనకు వేరే చెప్పాలా? పైగా గర్భిణి. పారాసిటమాల్ చాలు, అదీ అడిగి.

పెన్సిలిన్ పడని మనిషైతే ముందే చెప్పాలి. అలాంటి వాళ్లకు పెద్ద ఆసుపత్రిలో దగ్గరుండి, కొంచెం కొంచెంగా అలవాటు చేసి ఇస్తారు. 'పడదేమో' అన్న అనుమానంతో మాత్రల మీదికి మళ్లించడానికి ఒప్పుకోవద్దు. ఇప్పుడు ఐదో నెల. ప్రసవానికి కనీసం నెల రోజుల ముందే వైద్యం పూర్తయితే బిడ్డకు సరైన రక్షణ అందినట్టు లెక్క. మీకు కావలసినంత టైముంది. దాన్ని కోపతాపాలతో కరగబెట్టొద్దు.

ఇప్పుడు ఆ 1:16 సంగతి. రక్తాన్ని పదహారో వంతుకు పలచన చేసినా పరీక్ష ఇంకా పలుకుతోందని దాని అర్థం. ఆర్పీఆర్ అనేది సరిగ్గా సిఫిలిస్ క్రిమిని పట్టుకునే పరీక్ష కాదు. ఆ రోగం ఒంట్లో రేపే కలకలాన్ని కొలుస్తుంది. మలేరియా వచ్చినా, ఇంకొన్ని జబ్బుల్లోనూ, ఒక్కోసారి ఉత్త గర్భంలో కూడా ఇది అబద్ధంగా పలుకుతుంది. కాకపోతే అప్పుడు అంకె సాధారణంగా చిన్నదిగా ఉంటుంది, 1:2, 1:4 అలా. అందుకే రెండో పరీక్ష కూడా చెయ్యాలి. స్ట్రిప్ మీద చేసే రాపిడ్ పరీక్ష గానీ, టీపీహెచ్ఏ గానీ, అది నేరుగా ఆ క్రిమికి పుట్టిన యాంటీబాడీలను చూస్తుంది. రెండూ పాజిటివ్ అయితే ఇక అనుమానం లేదు. ఆమె కాగితంలో రెండూ ఉన్నాయో లేదో చూడమనండి. రెండోది చెయ్యలేదంటే చేయించమనండి. అయితే దాని రిపోర్టు వచ్చేదాకా మొదటి ఇంజెక్షన్ ఆపొద్దు. ఒకవేళ రోగం లేదని తేలినా, పెన్సిలిన్ పడే మనిషికి ఒక డోసుతో పోయేదేమీ లేదు.

ఇక మీ అసలు ప్రశ్న: వేరావల్ పోయేవాళ్ల ఇళ్లల్లోనేనా ఈ పరీక్ష?

కాదు. దేశంలో ప్రతి గర్భిణికీ, కలెక్టరు గారి భార్య అయినా సరే, మొదటిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడే హెచ్‌ఐవీ, సిఫిలిస్ రెండూ చూడాలన్నది నియమం. ప్రతి నెలా తొమ్మిదో తారీకున ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణుల ప్రత్యేక ఓపీ 2016 నుంచి నడుస్తోంది కదా, అక్కడా ఇవే పరీక్షలు. మీ అనుమానం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమంలో లారీ డ్రైవర్ల మీద, వలస వెళ్లేవాళ్ల మీద ఒక కన్ను ఉంచడం నిజమే. ఎచ్చెర్ల నుంచి పూసపాటిరేగ దాకా మన తీరం ఊళ్లలో చాలా ఇళ్ల మగవాళ్లు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ నీళ్ల మీదే ఉంటారు. ఇంకొందరు ఇళ్లు కట్టే పనులకని ఊళ్లు పట్టుకు పోతారు. మీలాంటి వాళ్లకు కండోమ్‌లు పంచడం, శిబిరాలు పెట్టి రక్తం చూడటం లాంటివి ఆ లెక్కలోవి. ఆమెకు చేసింది మాత్రం అది కాదు. ఆమె తల్లి కాబోతోంది కాబట్టి చేశారు.

ఈ దేశం సుఖవ్యాధుల మీద పెట్టిన చూపు ఎలా మారుతూ వచ్చిందో కొంచెం చెప్పనివ్వండి. మీ గొడవకు మూలం అక్కడే ఉంది.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో మా విభాగం అలమరలో ఏడు రంగుల ప్యాకెట్లుండేవి. బూడిద రంగు, ఆకుపచ్చ, తెలుపు, నీలం, ఎరుపు, పసుపు, నలుపు. మగవాళ్లకు చీము కారుతుంటే బూడిద రంగుది. ఆడవాళ్లకు తెల్లబట్ట, దురద ఉంటే ఆకుపచ్చది. పుండు ఉంటే తెల్లది, ఆ మనిషికి పెన్సిలిన్ పడకపోతే నీలంది. నీటిపొక్కుల్లాంటి పుండ్లయితే ఎర్రది. పొత్తికడుపు నొప్పికి పసుపుది. గజ్జల్లో బిళ్ల కడితే నల్లది. ల్యాబ్ అక్కర్లేదు, రిపోర్టు కోసం రేపు రమ్మనక్కర్లేదు. మనిషి చెప్పే బాధ విని, చూసి, ఆ పూటే మందు చేతిలో పెట్టి పంపడమే. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ పుట్టాక సుఖవ్యాధుల వైద్యం దాని గొడుగు కిందికి వచ్చింది. ల్యాబుల్లేని దేశానికి ఈ రంగుల పద్ధతి నిజంగా మేలు చేసింది. ఇవాళ్టికీ జిల్లా ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని బోర్డున్న గదిలో ఇదే పద్ధతి.

దానికున్న లోపం ఒక్కటే, కానీ పెద్దది. బాధ ఉన్నవాడికే ప్యాకెట్. బాధ లేనివాడు ఆ గది గుమ్మమే తొక్కడు. ఈ రోగాల్లో ఎక్కువ భాగం బాధ పెట్టవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఒక్క 2020లోనే సిఫిలిస్, గనేరియా, క్లమిడియా, ట్రైకొమోనాస్ అనే నాలుగూ కలిపి 37 కోట్లకు పైగా కొత్త కేసులు. అంటే రోజుకు 10 లక్షల పైమాటే. అందులో చాలామందికి తమకు ఉన్నట్టే తెలియదు. మన వైపు మంట పుడితే 'వేడి చేసింది' అంటాం. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, కొబ్బరి బొండం. రెండు రోజులకు మంట తగ్గితే వేడి తగ్గిందంటాం. రోగం లోపలే ఉంటుంది.

అందుకే బాధ చెప్పని మనిషిని కూడా పిలిచి పరీక్ష చెయ్యాలి. దాన్నే స్క్రీనింగ్ అంటారు. మరి ఎవరిని పిలవాలి? నూట నలభై కోట్ల మందినీ పిలవలేం. ఆసుపత్రికి తన కాళ్ల మీద తను వచ్చే ఆరోగ్యవంతులు ఎవరా అని చూస్తే గర్భిణులు కనపడ్డారు. 2002 నుంచి తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ రాకుండా చూసే కార్యక్రమం మొదలై, గర్భిణులకు హెచ్‌ఐవీ పరీక్ష బాగా వ్యాపించింది. సిఫిలిస్ పరీక్ష కాగితం మీద ఎప్పట్నుంచో ఉన్నా వెనకబడింది. కారణం చిన్నదే. హెచ్‌ఐవీకి అక్కడికక్కడ స్ట్రిప్ ఉండేది. సిఫిలిస్‌కు రక్తం ల్యాబుకు వెళ్లాలి, సీరం తియ్యాలి, కార్డు మీద తిప్పాలి. రిపోర్టు వచ్చేసరికి ఆమె బస్సెక్కి ఊరెళ్లిపోయేది. ఇప్పుడు ఒకే స్ట్రిప్ మీద ఒకే చుక్కతో రెండూ చూసే కిట్లు వచ్చాయి. వేలు పొడిచిన పావుగంటలో సంగతి తేలిపోతుంది. పోయినేడు ప్రైవేటులో చూపించినప్పుడు మీకు ఈ పరీక్ష చేశారో లేదో నాకు తెలియదు. ఆ కాగితాలుంటే తీసి చూడండి. ప్రైవేటు నర్సింగ్‌హోముల్లో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి చూసే హెచ్‌బీఎస్‌ఏజీ రాసి, సిఫిలిస్ చూసే వీడీఆర్‌ఎల్ రాయడం మర్చిపోయిన చీటీలు నా చేతికి చాలా వచ్చాయి.

ఆ బిడ్డ ఎందుకు పోయిందో ఇప్పుడు తేల్చి చెప్పడం ఎవరి వల్లా కాదు. అయితే వైద్యం అందని సిఫిలిస్ ఉన్న గర్భాల్లో సగానికి పైగా ఏదో ఒక చేటు జరుగుతుంది. ఆరు, ఏడు నెలల్లో కడుపులోనే పోవడం, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టాక రోగంతో ఉండటం. మీ డాక్టరుకు మొదటి కాన్పు సంగతి తప్పకుండా చెప్పండి. దిష్టి అని ఆమెను ఎవరైనా ఏమైనా అని ఉంటే, ఆ మాట వెనక్కి తీసుకోవలసిన వాళ్లు మీ ఇంట్లో ఉన్నారు.

డబ్బున్న దేశాలు దీన్ని దాటేశాయని అనుకోకండి. అమెరికాలో 2022లో తల్లి నుంచి సిఫిలిస్ అంటుకున్న పసిబిడ్డల కేసులు 3,700 దాటాయి. సకాలంలో పరీక్ష, వైద్యం జరిగి ఉంటే వాటిలో పదింట తొమ్మిది ఆపగలిగేవాళ్లమని అక్కడి ప్రభుత్వ సంస్థే చెప్పింది. మరోపక్క శ్రీలంక తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ, సిఫిలిస్ రెండూ అంటకుండా ఆపిన దేశంగా 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు తెచ్చుకుంది. అక్కడి తల్లులకు ఇచ్చేదీ ఇదే పెన్సిలిన్. కొత్త మందేమీ లేదు. తల్లిని ముందే చూడటం, చూసిన తల్లిని వదలకపోవడం, అంతే తేడా.

చూశారా, ఎక్కడికి వెళ్లినా కథ ఆడమనిషి దగ్గరే మొదలవుతోంది. ఇంగ్లండులో, అమెరికాలో పాతికేళ్లలోపు ఆడపిల్లల్ని ఏటా క్లమిడియా పరీక్షకు రమ్మంటారు. మగపిల్లల్ని అంత గట్టిగా పిలవరు. ఇంగ్లండు 2021లో తన పద్ధతిని మార్చి, ముందుగా పిలిచి చేసే పరీక్షను ఆడపిల్లలకే పరిమితం చేసింది. కారణం అన్యాయమైనదేమీ కాదు. ఈ రోగాలు పాడుచేసేది గర్భసంచిని, గొట్టాలను, కడుపులో బిడ్డను. నష్టం ఎక్కడ ఎక్కువో అక్కడ ముందు చూడాలి. వైద్యుడిగా నేను దాన్ని తప్పు పట్టను. కానీ దాని వల్ల ఇళ్లల్లో ఒక వికారం పుడుతోంది. అది మీ ఇంట్లోనూ పుట్టింది.

మీరు వల వేసే మనిషి. వల ఎక్కడ వేస్తే చేప అక్కడ పడుతుంది. పడ్డచోటే అది పుట్టిందని మీలో ఎవరూ అనరు. ప్రభుత్వం వల వేసింది గర్భిణుల రక్తంలో. అందుకే సిఫిలిస్ ఆమె రక్తంలో కనపడింది. మీ రక్తాన్ని ఎవరూ చూడలేదు. పెళ్లికి ముందు చూడలేదు, పెళ్లయ్యాక చూడలేదు, వేరావల్ బోటెక్కే ముందు చూడలేదు. చూసి ఉంటే మూడేళ్ల కిందటే దొరికేది. అప్పుడు 'నువ్వేటి చేశావు' అని ఎవరు ఎవర్ని అడగాల్సి వచ్చేదో మీరే ఆలోచించుకోండి.

ఆ పుండు సంగతికి వస్తాను. నొప్పి లేని చిన్న పుండు, కలిసిన రెండు మూడు వారాలకు లేవడం, తనంతట తను మానడం: సిఫిలిస్ మొదటి దశ పుస్తకంలో రాసినట్టు అలాగే ఉంటుంది. నొప్పి లేకపోవడమే దాని మోసం. నొప్పి ఉంటే మనిషి పరిగెత్తి డాక్టరు దగ్గరికి వెళ్తాడు. మందు వేసినా వెయ్యకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో అది మానిపోతుంది. మీ ఆర్‌ఎంపీ ఆయింట్‌మెంటు రాశాడు, పుండు మానింది, పేరు ఆయింట్‌మెంటుకు దక్కింది. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న అవ్వ కథ లాంటిదే ఇదీ. ఆయన్ని తిట్టాలని కాదు, రాత్రి పూట పాము కరిస్తే మీ ఊళ్లో ముందు పలికేది ఆయనే. కాని ఇది ఆయన చేతిలోది కాదు. పుండు మానిన కొన్ని వారాలకు అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని మచ్చలు రావచ్చు. మీకు వచ్చాయో లేదో గుర్తుండకపోవచ్చు. ఉప్పునీళ్లలో చేతులు నానే వృత్తి, ఎవరు పట్టించుకుంటారు! తర్వాత రోగం ఏళ్ల తరబడి మౌనంగా ఉంటుంది. మొదటి ఒకటి రెండేళ్లలో ఒకరి నుంచి ఒకరికి బాగా అంటుతుంది. మీ పెళ్లి సరిగ్గా ఆ కాలంలోనే జరిగింది.

రక్తపరీక్ష ఎవరి నుంచి ఎవరికి అంటిందో చెప్పదు. ఆ మాట నేను ఎప్పుడూ చెబుతాను, ఇప్పుడూ చెబుతున్నాను. కానీ మీ ఉత్తరంలో పుండు గురించి రాసింది మీరే. ఆమె గురించి మీ దగ్గర ఉన్నది కోపం తప్ప మరొకటి కాదు.

ఇప్పుడు మీరు రావాలా వద్దా? సీజన్ వదిలి రానక్కర్లేదు. ఈ పరీక్షలూ వైద్యమూ ఒక్క ఆంధ్రా పద్ధతి కాదు, దేశమంతా ఒకటే. బోటు ఒడ్డుకి చేరగానే అక్కడి ప్రభుత్వాసుపత్రికి వెళ్లి ఐసీటీసీ గది ఎక్కడని అడగండి. అందులో హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలర్‌తో మాట, రెండూ ఉచితం. సుఖవ్యాధుల ఓపీలో సిఫిలిస్ పరీక్ష చేస్తారు. హెపటైటిస్ బి కూడా చూడమనండి. భాష ఇబ్బందైతే 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు, మన భాషల్లోనూ మాట్లాడతారు. తోడుగా బోటు పెద్ద తండేల్‌ని గానీ, మన ఊరి ఇంకొకణ్ని గానీ తీసుకెళ్లాల్సిన పని లేదు. హెచ్‌ఐవీ పరీక్షకు మీ ఒప్పుకోలు అడగాలనీ, ఫలితం గుట్టుగా ఉంచాలనీ 2017 చట్టం చెబుతోంది. 2018 సెప్టెంబరు నుంచి అది అమల్లో ఉంది. మూడేళ్ల కిందటి సంగతి కాబట్టి ఇప్పుడు చేసే ఒక్క హెచ్‌ఐవీ పరీక్షే తేల్చేస్తుంది. ఆ తర్వాత ఇంకేమైనా జరిగి ఉంటే, మొన్నమొన్నటిదైతే, అది కౌన్సెలర్‌కు చెప్పండి. మళ్లీ ఎప్పుడు చేయించుకోవాలో చెబుతారు. ఈ పరీక్షను తేలిగ్గా తీసుకోకండి. 2023 అంచనాల్లో దేశం మొత్తం మీద పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.20 శాతమైతే మన రాష్ట్రంలో 0.62 శాతం.

స్టేషన్ గోడల మీద 'గుప్తరోగాలు, నెలకోసారి ఫలానా లాడ్జిలో' అని కనపడే పోస్టర్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. అక్కడ ఇంజెక్షన్ ఉండదు. మూడు నెలల పొడులూ లేహ్యాలూ, మూడు బోట్ల అడ్వాన్సంత బిల్లూ ఉంటాయి.

మీ ఆర్పీఆర్ ఇప్పటికి నెగెటివ్‌కు దిగిపోయినా ఆశ్చర్యపోవద్దు. ఏళ్లు గడిస్తే దాని అంకె దానంతట అదే పడిపోవచ్చు, లేదా ఆ నాలుగు మాత్రలే సగం పని చేసి ఉండొచ్చు. స్ట్రిప్ పరీక్ష మాత్రం చాలావరకు పాజిటివ్‌గానే ఉంటుంది. అక్కడి డాక్టరుకు భార్య రిపోర్టు ఫోన్‌లో చూపించండి. వాళ్లే ఇంజెక్షన్లు మొదలెడతారు. మీకూ బహుశా మూడు వారాలే. సముద్రంలోకి వెళ్తే ఇరవై రోజులు రారు కాబట్టి ఆ మూడు వారాల సంగతి ముందే సేటుకు చెప్పి ఒక ట్రిప్పు వదులుకోవాలి. కారణం చెప్పనక్కర్లేదు, ఒంట్లో బాలేదంటే చాలు. ఒక ట్రిప్పు కూలి పోతుంది, నిజమే. ఆమె వైద్యం పూర్తయి, మీది పూర్తి కాకుండా మీరు జూన్‌లో ఇంటికొస్తే మాత్రం మళ్లీ మొదటికే వస్తుంది. ఇద్దరి కోర్సులూ పూర్తయి, డాక్టరు సరేననే దాకా కలవకూడదు, ఆ తర్వాత కూడా కొన్నాళ్లు నిరోధ్. ఈ లోపల రక్తదానం చెయ్యొద్దు. బ్లడ్‌బ్యాంకులో ఎలాగూ పరీక్ష చేస్తారు కదా అని అక్కడికి వెళ్లేవాళ్లున్నారు. అది పరీక్ష కేంద్రం కాదు.

కాగితాలు దాచండి. అన్నిటికంటే ముఖ్యం మీ ఇద్దరి కాగితాలు. రోగం నయమైపోయాక కూడా స్ట్రిప్ పరీక్ష చాలామందిలో జీవితాంతం పాజిటివ్ చూపిస్తూనే ఉంటుంది. రేపు గల్ఫ్‌కు వెళ్దామని మెడికల్‌కు వెళ్తే అక్కడా సిఫిలిస్ పరీక్ష ఉంది. ఏ తారీకున ఎన్ని డోసులు పడ్డాయో, ఆర్పీఆర్ 1:16 నుంచి ఎంతకు దిగిందో రాసిన కాగితం మీ దగ్గర ఉండాలి. ఏడాది లోపు, రోగం పాతదైతే రెండేళ్ల లోపు, ఆ అంకె కనీసం రెండు మెట్లు, అంటే 1:16 నుంచి 1:4 దాకా దిగితే మందు పనిచేసినట్టు.

ఆమె కాగితం సంగతి ఇంకా ముఖ్యం. మన వైపు పురిటికి పుట్టింటికి వెళ్తారు. మీ అత్తవారు ఇచ్ఛాపురం అవతల వాళ్లయితే కాన్పు బరంపురంలో అవుతుంది. అక్కడి డాక్టరుకు ఇక్కడి పీహెచ్‌సీలో పడిన మూడు ఇంజెక్షన్ల సంగతి ఎలా తెలుస్తుంది? తల్లీబిడ్డల కార్డు మీద తారీకులతో సహా రాయించుకోవాలి. రాయడానికి నర్సమ్మ మొహమాటపడితే వేరే చీటీ మీద అయినా. కాన్పు ఇంట్లో కాకూడదు. ప్రసవానికి ముందు ఆమెకు మరోసారి ఆర్పీఆర్, పుట్టిన బిడ్డకు రక్తపరీక్ష చేసి తల్లి అంకెతో పోల్చి చూడాలి. తల్లి వైద్యం సరిగ్గా జరిగి ఉంటే చాలావరకు బిడ్డ బాగానే ఉంటుంది. అనుమానం ఉంటే బిడ్డకూ పెన్సిలిన్ ఇస్తారు.

మీ అమ్మగారికి ఏం చెప్పాలన్నారు. 'రక్తంలో ఇన్ఫెక్షన్ ఉంది, పోయినేడు బిడ్డ పోవడానికి అదీ ఒక కారణం అయ్యుండొచ్చు, ఇద్దరం ఇంజెక్షన్లు చేయించుకుంటున్నాం' అనండి. ఇందులో ఒక్క అబద్ధం లేదు. 'ఇద్దరం' అన్న మాట మాత్రం మీ నోటి నుంచే రావాలి, ఆమె నోటి నుంచి కాదు. కంచం వేరు పెట్టడం, పక్క వేరు వెయ్యడం లాంటివి మొదలెడితే, తిండి వల్ల, బట్టల వల్ల, ఒకే ఇంట్లో ఉండటం వల్ల ఇది అంటదని చెప్పండి. ఊరికి చెప్పాల్సింది ఏమీ లేదు. సందేహముంటే మీ ఏఎన్‌ఎంతో మీరే ఫోన్‌లో మాట్లాడి, ఈ సంగతి ఇంటి గుమ్మం దగ్గర కాకుండా లోపల మాట్లాడమని అడగండి. నూటికి తొంభై మంది నర్సమ్మలు ఆ మాట వింటారు.

చివరికి, ఆమె ఫోన్ ఎత్తడం లేదన్నారు. ఎత్తకపోవచ్చు, వాట్సాప్ చూస్తుంది. మీ పరీక్ష అయ్యాక ఆ రిపోర్టు ఫొటో తీసి పంపండి. దాని కింద ఆ పుండు సంగతి, పెళ్లికి ముందటి సంగతి నాలుగు లైన్లలో రాయండి, 'నువ్వేటి చేశావు' అన్న మాట తప్పని కూడా. ఇంకొక లైనులో మొదటి ఇంజెక్షన్ పడిందా అని అడగండి. దానికి ఆమె జవాబిస్తుంది.